28 నానోమీటర్ చిప్ అంటే పాతబడిపోయినట్టేనా? ఫోన్, కారు, ఇన్వర్టర్... దేని లెక్క దానిదే

గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్ కడుతున్న ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) గురించి వార్త వచ్చిన ప్రతిసారీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంకేముంది, తైవాన్‌ని దాటేస్తున్నాం అని ఒకరు, ప్రపంచమంతా 2 నానోమీటర్‌కి వెళ్లిపోయాక మనం 28 దగ్గర మొదలుపెట్టడమేంటి, డబ్బు దండగ అని ఇంకొకరు. ఈ రెండో మాట వెనక ఒక నమ్మకం ఉంది, నానోమీటర్ నంబర్ అంటే ఎంసెట్ ర్యాంకు లాంటిది, ఎంత తక్కువైతే అంత గొప్ప అని. ఫోన్‌లో ఉండే మెయిన్ ప్రాసెసర్ వరకు అది చాలావరకు నిజమే. కానీ అదే ఫోన్‌లో ఉన్న మిగతా చిప్‌లకి, కారులో ఎయిర్‌బ్యాగ్ చూసుకునే చిప్‌కి, ఎలక్ట్రిక్ కారు మోటార్‌ని తిప్పే చిప్‌కి ఈ లెక్క అస్సలు కుదరదు. చిప్ చేసే పనేంటో చూడకుండా నంబర్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తే తప్పు తీర్పే వస్తుంది. అందుకే మొదటి నుంచి వద్దాం.

ఆ నంబర్ దేన్ని కొలుస్తుంది

చిప్ అంటే కొన్ని కోట్ల ట్రాన్సిస్టర్లు పక్కపక్కనే చెక్కిన సిలికాన్ ముక్క. ట్రాన్సిస్టర్ అంటే కరెంటుతో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్. ఆ స్విచ్‌లో కరెంటుని ఆపే, వదిలే భాగాన్ని గేట్ అంటారు. సుమారు 1990ల మధ్య వరకు ఫలానా నానోమీటర్ (మీటర్‌లో వంద కోట్లో వంతు) అని చెప్తే ఆ గేట్ పొడవుకి, ఆ నంబర్‌కి నిజంగానే సంబంధం ఉండేది. తర్వాత తర్వాత రెండూ విడిపోయాయి. ఇప్పుడు 3 నానోమీటర్ అని పిలిచే టెక్నాలజీలో 3 నానోమీటర్ కొలత ఉన్న భాగం ఏదీ లేదు, తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 3 నానోమీటర్‌లో ఒక గేట్ నుంచి పక్క గేట్‌కి దూరం 45 నుంచి 48 నానోమీటర్లు ఉంటుంది. నంబర్ అనేది ఒక తరం పేరు, అంతే.

పేరే కాబట్టి కంపెనీలు వాళ్లకి నచ్చినట్టు పెట్టుకుంటాయి. ఇంటెల్ 10 నానోమీటర్ అని పిలిచిన టెక్నాలజీలో చదరపు మిల్లీమీటర్‌కి సుమారు 10 కోట్ల ట్రాన్సిస్టర్లు పట్టేవి, టీఎస్ఎంసీ 7 నానోమీటర్‌లో 9 కోట్ల పైచిలుకు. అంటే నంబర్ పెద్దగా ఉన్న ఇంటెల్‌దే కాస్త చిక్కగా ఉంది! కానీ చూసేవాళ్లకి ఇంటెల్ వెనకబడినట్టు కనపడేది, చివరికి 2021 జూలైలో ఇంటెల్ తన టెక్నాలజీల పేర్లే మార్చేసి, 10 నానోమీటర్‌లో మెరుగుపరిచిన రకానికి ఇంటెల్ 7 అని పెట్టుకుంది. కాబట్టి వేర్వేరు కంపెనీల నంబర్లని పక్కపక్కన పెట్టి పోల్చడం అనవసరం, ఒకే కంపెనీలో ఒక తరానికి, తర్వాతి తరానికి పోలిక అయితే పనికొస్తుంది.

28కి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. ట్రాన్సిస్టర్ చదునుగా ఉండి, 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో సర్క్యూట్ గీతల్ని దాదాపు ఒకే సారి ముద్ర వేసి పని ముగించగలిగిన చివరి పెద్ద తరం అది. దాని కిందకి వెళ్తే ఒకే పొరని రెండు, మూడు, నాలుగు సార్లు ముద్ర వెయ్యాలి, ట్రాన్సిస్టర్‌ని నిలువుగా చేప రెక్కలా లేపాలి (దాన్నే ఫిన్‌ఫెట్ అంటారు), ఇంకా కిందకి వెళ్తే నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ ఒక్కటే చేసే ఈయూవీ మెషీన్ (ఇంకా పొట్టి తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో ముద్ర వేసేది) కావాలి. ఆ మెషీన్ లోపల జరిగేది వింటే ఆశ్చర్యం వేస్తుంది, కరిగిన తగరం బొట్లు సెకనుకి 50,000 చొప్పున పడుతుంటే ఒక్కో బొట్టునీ లేజర్‌తో కొట్టి 13.5 నానోమీటర్ల కాంతి పుట్టిస్తారు. ఒక్కో మెషీన్ 15 కోట్ల డాలర్లకి పైమాటే. అందుకే ఖర్చు ఎక్కువ పెరగకుండా దిగగలిగిన చివరి మెట్టు 28 అని చెప్పొచ్చు, దాని తర్వాత ప్రతి మెట్టూ ఎత్తే.

ఫోన్ ప్రాసెసర్‌కి చిన్న నంబర్ ఎందుకు

ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. బ్యాటరీ అరచేతిలో పట్టేంత. వీడియో, గేమ్, కెమెరా ప్రాసెసింగ్ అన్నీ ఆ బ్యాటరీ మీదే, జేబులో చెయ్యి కాలకుండా నడవాలి. ట్రాన్సిస్టర్ చిన్నదైతే ఆన్ ఆఫ్ చెయ్యడానికి పట్టే కరెంటు తగ్గుతుంది, అంతే జాగాలో ఇంకా ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టొచ్చు. 2018లో ఆపిల్ ఏ12 చిప్‌లో 690 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉండేవి, అది 7 నానోమీటర్. 2023లో ఏ17 ప్రోలో 1,900 కోట్లు, అది 3 నానోమీటర్. ఐదేళ్లలో దాదాపు మూడు రెట్లు. వెయ్యి డాలర్ల చుట్టుపక్కల ధర ఉండే ఫోన్లు ఏడాదికి కోట్లలో అమ్ముడుపోతాయి కాబట్టి ఒక చిప్ డిజైన్‌కి వందల మిలియన్ డాలర్లు పెట్టినా తిరిగొస్తుంది.

కానీ అదే ఫోన్ విప్పి చూస్తే 3 నానోమీటర్ చిప్ ఒక్కటే కనపడుతుంది, దాని చుట్టూ ఉండే గుంపు వేరే. స్క్రీన్‌ని నడిపే డ్రైవర్ చిప్ 28 లేదా 40 నానోమీటర్‌లో చేస్తారు. బ్యాటరీ నుంచి ఏ భాగానికి ఎన్ని వోల్టులు వెళ్లాలో చూసే పవర్ చిప్‌లు ఇంకా పెద్ద నంబర్లలో ఉంటాయి. ఇప్పుడు వచ్చే చిన్న సైజు 65 వాట్ల చార్జర్లలో చాలావాటి లోపల గాలియం నైట్రైడ్ ఉంటుంది, అది సిలికానే కాదు. అంటే కొత్త ఫోన్ అన్నది కూడా పాత తరాల చిప్‌లు లేకుండా స్విచ్ ఆన్ కాదు.

కారుకి 40, 28 సరిపోతుందంటే కారణం లోభం కాదు

మే నెల మధ్యాహ్నం రామగుండంలో ఎండలో ఆపిన కారు సంగతి ఆలోచించండి. బయట 45 డిగ్రీలుంటే డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టలేం, ఇంజిన్ పక్కన ఉండే చిప్‌కి ఇంకా కష్టం. అదే కారు మోడల్ లద్దాఖ్‌లో మైనస్ 25లో కూడా స్టార్ట్ కావాలి. అందుకే కారు చిప్‌లకి ఏఈసీ క్యూ100 అని పరీక్షల ప్రమాణం ఉంది, అందులో గ్రేడ్ 1 అంటే మైనస్ 40 నుంచి 125 డిగ్రీల వరకు, గ్రేడ్ 0 అయితే 150 డిగ్రీల వరకు పనిచెయ్యాలి. ఫోన్ మూడు నాలుగేళ్లకి మారుస్తాం, కారు పదిహేనేళ్లు తిరుగుతుంది, ఆ పదిహేనేళ్లలో బ్రేక్ చిప్ ఒక్కసారి హ్యాంగ్ అయినా ఒప్పుకునేవాళ్లు ఎవరూ లేరు.

ఎయిర్‌బ్యాగ్‌నే తీసుకుందాం. గుద్దుకున్నాక దాదాపు 30 మిల్లీసెకన్ల లోపు, అంటే కన్ను ఆర్పే లోపే, ఇది నిజంగా యాక్సిడెంటా లేక గుంతలో పడ్డామా అని సెన్సార్ చెప్పిన లెక్కలు చూసి తేల్చెయ్యాలి. ఇలాంటి భద్రత పనులకి వాడే చిప్‌లలో చాలావాటిలో రెండు ప్రాసెసర్లు ఒకే లెక్కని ఒకేసారి చేసి ప్రతి అడుగులో జవాబులు సరిచూసుకుంటాయి, తేడా వస్తే వెంటనే తప్పు పసిగట్టేస్తాయి. దీన్ని లాక్‌స్టెప్ అంటారు. జర్మనీ చిప్ కంపెనీ ఇన్ఫినియాన్ చేసే ఆరిక్స్ టీసీ3 కుటుంబం ఇలాంటిదే, 40 నానోమీటర్ చిప్. ఇక్కడ కావాల్సింది సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందన్నది కాదు, ఒక చిన్న లెక్కని టైముకి, తప్పు లేకుండా చెయ్యడం. వేగం కన్నా నమ్మకం ముఖ్యం అన్నమాట.

ఇంకో అడ్డంకి అంతగా బయటికి రాదు గానీ నాకైతే ఇదే అసలైన కారణాల్లో ఒకటి అనిపిస్తుంది. కారు చిప్‌లో ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ మెమరీ కూడా అదే సిలికాన్ ముక్కలో ఉంటుంది. ఫ్లాష్‌కి మందమైన పొరలు, ఎక్కువ వోల్టేజీ కావాలి. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ ఆ రెండిటినీ ఒకే ముక్కలో ఇమడ్చడం కష్టమైపోయి, 28 దగ్గరికి వచ్చేసరికి దాదాపు దారి మూసుకుపోతుంది. అందుకే కంపెనీలు ఫ్లాష్ బదులు వేరే రకం మెమరీలకి మారుతున్నాయి, ఇన్ఫినియాన్ ఒక దారి, ఎస్‌టీమైక్రో ఇంకో దారి, ఎన్‌ఎక్స్‌పీ అయితే అయస్కాంతం ఆధారంగా పనిచేసే మెమరీ పెట్టి 16 నానోమీటర్ దాకా తీసుకొచ్చింది.

ఖర్చు ఒక ఉదాహరణతో చూద్దాం. 300 మిల్లీమీటర్ల వేఫర్ (చిప్‌లు చెక్కే గుండ్రటి సిలికాన్ పలక) మీద 5 మిల్లీమీటర్లకి 5 మిల్లీమీటర్ల చిప్ గీస్తే, అంచుల్లో పోయేవి తీసేసి సుమారు 2,700 వస్తాయి, అందులో 2,400 మంచివి అనుకుందాం. 28 నానోమీటర్ వేఫర్‌కి పరిశ్రమలో చెప్పుకునే అంచనా 3,000 డాలర్ల చుట్టుపక్కల. అంటే ఒక్కో చిప్ 1.25 డాలర్లు. ఇప్పుడు అదే చిప్‌ని 3 నానోమీటర్‌కి మారిస్తే? చిప్‌లో సగం లాజిక్ (లెక్కలు చేసే సర్క్యూట్లు) అనుకుంటే ఆ సగం బాగా కుంచించుకుపోతుంది, 12.5 చదరపు మిల్లీమీటర్లు ఒకటికి వస్తుంది. మిగతా సగంలో ఉండే అనలాగ్ సర్క్యూట్లు (వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని నేరుగా చూసుకునేవి), బయటి వైర్లకి తగిలే భాగాలు దాదాపు అలాగే ఉండిపోతాయి. మొత్తం 13.5 చదరపు మిల్లీమీటర్లు. వేఫర్‌కి సుమారు 5,000 పడతాయి, 4,500 మంచివి అనుకున్నా, వేఫర్ ధర 20,000 డాలర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఒక్కోటి దాదాపు 4.40 డాలర్లు. చిప్ సైజు సగానికి తగ్గింది, ధర మూడున్నర రెట్లు పెరిగింది, ఎయిర్‌బ్యాగ్ మాత్రం ఇదివరకులాగే తెరుచుకుంటుంది. పైన డిజైన్ ఖర్చు ఇంకా కలపలేదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. కారులో అన్నీ ఇలాంటి చిప్‌లే కాదు. పెద్ద టచ్ స్క్రీన్ నడిపేవి, కెమెరాలు చూసి దారి గుర్తుపట్టేవి ఫోన్ చిప్‌లకి చుట్టాలే. టెస్లా 2019లో సొంతంగా పెట్టుకున్న చిప్ శాంసంగ్ 14 నానోమీటర్‌లో చేసింది, చాలా కార్లలో స్క్రీన్ వెనక ఉండే క్వాల్‌కామ్ ఎస్ఏ8155 చిప్ 7 నానోమీటర్. ఒకే కారులో 7 కూడా ఉంటుంది, 40 కూడా ఉంటుంది, 180 కూడా ఉండొచ్చు.

చవక చిప్ లేక లక్షల కార్లు ఆగిపోయిన రోజులు

2020లో కరోనా మొదలవ్వగానే కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఆ ఖాళీని ల్యాప్‌టాప్, ఫోన్, టీవీ కంపెనీలు నింపేశాయి. కార్ల గిరాకీ తిరిగొచ్చేసరికి ఫ్యాబ్‌లలో చోటు లేదు. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకి అక్కడి ఫ్యాబ్‌లు ఆగాయి, మార్చిలో జపాన్‌లో కారు చిప్‌లు చేసే రెనెసాస్ కంపెనీ నాకా ఫ్యాబ్‌లో మంటలు లేచాయి. 2021 సెప్టెంబర్‌లో మారుతీ సుజుకీ తన ఉత్పత్తి మామూలులో 40 శాతం దగ్గరే ఉంటుందని ముందే చెప్పేసింది. ఆగింది ఎక్కువగా 3, 5 నానోమీటర్ల కోసం కాదు, డాలరో రెండు డాలర్లో చేసే పాత తరం కంట్రోలర్ల కోసం, పది లక్షల రూపాయల కారు వాటి కోసం యార్డులో ఎదురుచూసింది.

తర్వాత అందరూ జాగ్రత్త పడ్డారనుకునే లోపే 2025 అక్టోబర్‌లో మళ్లీ అదే కథ. నెదర్లాండ్స్‌లో ఉన్న నెక్స్‌పీరియా కంపెనీ యజమాని చైనాకి చెందిన వింగ్‌టెక్. డచ్ ప్రభుత్వం ఆ కంపెనీ నిర్ణయాల మీద పట్టు తీసుకుంది, బదులుగా చైనా అక్కడ ప్యాక్ అయిన నెక్స్‌పీరియా సరుకు బయటికి పోకుండా ఆపేసింది. ఇవి ఎలాంటి చిప్‌లంటే, డయోడ్‌లు, విడి ట్రాన్సిస్టర్లు, ఒక్కోటి పైసల్లో, రూపాయల్లో దొరికేవి. వేఫర్లు తయారయ్యేది జర్మనీలోని హాంబర్గ్‌లో, కోసి ప్యాక్ చేసేది ఎక్కువగా చైనాలోని డోంగ్వాన్‌లో. ఆ ఒక్క లింకు తెగితే మెక్సికోలో హోండా ఫ్యాక్టరీ ఆగిపోయింది. నానోమీటర్ పోటీలో ఎక్కడా పేరు వినపడని సరుకు ఇది.

ఎలక్ట్రిక్ కారు ఇన్వర్టర్: నానోమీటర్ మాటే రాని చోటు

బ్యాటరీ ఇచ్చేది డీసీ, మోటార్‌కి కావాల్సింది మూడు ఫేజుల ఏసీ. మధ్యలో మార్చేది ఇన్వర్టర్. దాని లోపల పెద్ద పెద్ద స్విచ్‌లు సెకనుకి పది వేల సార్ల చొప్పున ఆన్ ఆఫ్ అవుతూ ఉంటాయి, ఒక్కోదాంట్లో వందల ఆంపియర్లు పోతాయి. ఇక్కడ చూసే లెక్కలు వోల్టులు, ఆంపియర్లు, ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత రెసిస్టెన్స్ ఉందన్నది. ఎన్ని నానోమీటర్లని అడిగేవాళ్లు ఉండరు.

చాలాకాలం ఈ పనికి సిలికాన్ ఐజీబీటీలు (ఎక్కువ కరెంటు మోసే ఒక రకం స్విచ్‌లు) వాడారు. వాటికి ఒక లోపం, ఎంత తక్కువ కరెంటు పోతున్నా వోల్టుకి దగ్గరగా ఊరికే పోతుంది. హైవే మీద ఫుల్ లోడ్‌లో అది పెద్దగా తెలియదు, కానీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకుతున్నప్పుడు ఆ నష్టం బాగా లెక్కలోకి వస్తుంది. సిలికాన్, కార్బన్ కలిసిన సిలికాన్ కార్బైడ్‌తో చేసే మాస్‌ఫెట్ అనే ఇంకో రకం స్విచ్‌కి ఆ బాధ లేదు, కరెంటు తగ్గితే నష్టమూ తగ్గుతుంది. పైగా సిలికాన్ కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ విద్యుత్ ఒత్తిడి తట్టుకుంటుంది కాబట్టి అదే వోల్టేజీకి పల్చటి పొర చాలు, పొర పల్చనైతే రెసిస్టెన్స్ తక్కువ. 2017లో టెస్లా మోడల్ 3లో ఎస్‌టీమైక్రో తయారుచేసిన ఈ చిప్‌లు పెట్టాక మిగతావాళ్లూ అటు చూడడం మొదలైంది.

లాభం ఎంత? కారు బ్యాటరీ 50 యూనిట్లు, రేంజ్ 400 కిలోమీటర్లు అనుకుందాం. ఇన్వర్టర్ సామర్థ్యం 95 శాతం నుంచి 98కి పెరిగిందనుకుంటే అదే చార్జ్‌తో ఇంకో 12 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తాం. లేదా అదే 400కి ఒకటిన్నర యూనిట్ బ్యాటరీ తగ్గించుకోవచ్చు, 2024లో బ్యాటరీ ప్యాక్ సగటు ధర యూనిట్‌కి 115 డాలర్లు అని బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్క, ఆ ప్రకారం 170 డాలర్ల పైన ఆదా. సిలికాన్ కార్బైడ్ చిప్‌లకి అదనంగా పెట్టే డబ్బు ఇంతకన్నా తక్కువైతే కంపెనీకి లాభం, ఎక్కువైతే నష్టం. అందుకే ఖరీదైన 800 వోల్టుల కార్లలో ఇది మామూలైపోయింది, చవక కార్లలో ఇంకా తర్జనభర్జన నడుస్తోంది.

మరి చవకగా ఎందుకు రాదంటే, సిలికాన్‌ని కరిగించి పెద్ద దుంగలా పైకి లాగొచ్చు, సిలికాన్ కార్బైడ్ మామూలు ఒత్తిడిలో కరగదు, 2,000 డిగ్రీల పైన ఆవిరి చేసి గడ్డకట్టిస్తారు, గంటకి అర మిల్లీమీటర్ పెరిగితే గొప్ప. 2023 మార్చిలో టెస్లాయే తర్వాతి మోటార్‌లో దీని వాడకం 75 శాతం తగ్గిస్తామని చెప్పింది, ఈ రంగంలో పెద్ద పేరైన వుల్ఫ్‌స్పీడ్ 2025 జూన్‌లో దివాలా రక్షణకి వెళ్లింది. టెక్నాలజీ మంచిదైనంత మాత్రాన వ్యాపారం నిలబడుతుందని లేదు.

మన రోడ్ల మీద తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్లకి ఇది వర్తిస్తుందా అంటే, పెద్దగా కాదు. చాలా స్కూటర్లు 50 వోల్టుల చుట్టుపక్కలే నడుస్తాయి, అంత తక్కువ వోల్టేజీలో మామూలు సిలికాన్ మాస్‌ఫెట్టే చక్కగా, చవకగా పనిచేస్తుంది.

ఫ్యాబ్ వేరు, ప్యాకేజింగ్ వేరు, డిజైన్ వేరు

మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. చిప్ గీసేది డిజైన్, హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ ఆఫీసుల్లో మన తెలుగు ఇంజినీర్లు వేలమంది చేస్తున్న పని అదే, 3 నానోమీటర్ చిప్‌ల మీద కూడా. సిలికాన్ మీద చెక్కేది ఫ్యాబ్. కోసి, డబ్బాలో పెట్టి, కాళ్లు తొడిగి, పరీక్షించేది ప్యాకేజింగ్. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పెట్టింది ఫ్యాబ్ కాదు, ప్యాకేజింగ్. అస్సాంలోని జాగీరోడ్‌లో టాటాలది కూడా అదే. 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆంధ్రప్రదేశ్‌కి ఆమోదించిన ఏఎస్ఐపీ అనే కంపెనీ యూనిట్, కొరియా కంపెనీ ఏపాక్ట్‌తో కలిసి ఏడాదికి 9.6 కోట్ల చిప్‌లు ప్యాక్ చేసేది. అదే రోజు ఒడిశాకి సిక్‌సెమ్ అనే సిలికాన్ కార్బైడ్ ఫ్యాబ్ కూడా ఓకే అయింది. నెక్స్‌పీరియా కథ చూశాక ప్యాకేజింగ్‌ని చిన్నచూపు చూడలేం.

మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీ సంగతి కూడా చెప్పుకోవాలి. 1980ల్లో మొదలైంది, 1989లో అగ్ని ప్రమాదంలో కాలిపోయి చాలా ఏళ్లు వెనకబడింది. ఇవాళ అక్కడ 180 నానోమీటర్‌లో చేస్తారు, ఇస్రో రాకెట్ల కోసం తయారైన విక్రమ్ 3201 ప్రాసెసర్ అక్కడిదే. 180తో రాకెట్ ఎగురుతుంది, ఎందుకంటే అక్కడ కావాల్సింది గట్టిదనం.

ధొలేరా మీద రెండు వైపులా ఉన్న బలమైన వాదనలు

అనుకూలంగా చెప్పేవాళ్ల మాట ఇది. తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీ నుంచి టెక్నాలజీ తీసుకుని 91,000 కోట్ల రూపాయలతో నెలకి 50,000 వేఫర్ల సామర్థ్యంతో కడుతున్నారు, 28 నుంచి 110 నానోమీటర్ల దాకా చేస్తారు. కార్లకి, డిస్‌ప్లేలకి, పవర్ చిప్‌లకి కావాల్సినవి సరిగ్గా ఇవే. జర్మనీ, జపాన్ కూడా ఇదే దారి పట్టాయి: డ్రెస్డెన్‌లో టీఎస్ఎంసీ, బాష్, ఇన్ఫినియాన్, ఎన్‌ఎక్స్‌పీ కలిసి కడుతున్న ఫ్యాబ్ 28, 22, 16, 12 నానోమీటర్లకే, కుమమోటోలో సోనీ, డెన్సో వాటా పెట్టిన ఫ్యాబ్ 2024లో మొదలైంది, అదీ దాదాపు అవే నంబర్లకి. కార్లు చేసే దేశాలు కావాలని ఎంచుకున్న తరాన్ని పాతదని ఎలా అంటాం?

వ్యతిరేకంగా చెప్పేవాళ్ల మాటలోనూ పస ఉంది. లాభం ఉండేది చిన్న నంబర్ల దగ్గర. 2024లో టీఎస్ఎంసీ వేఫర్ల ఆదాయంలో 69 శాతం 7 నానోమీటర్, అంతకంటే చిన్నవాటి నుంచే వచ్చింది. 28 దగ్గర చైనాలో ఎస్ఎంఐసీ, హువా హాంగ్ లాంటి కంపెనీలు విపరీతంగా సామర్థ్యం పెంచి ధరలు దించేస్తున్నాయి. మెషీన్ల ఖర్చు ఎప్పుడో రాబట్టేసుకున్న పాత ఫ్యాబ్‌తో, ఇవాళే వాటికి డబ్బు కట్టిన కొత్త ఫ్యాబ్ ధరలో పోటీ పడాలి. కేంద్రం సగం ఖర్చు భరించినా, రాష్ట్రం దాని మీద ఇంకొంత ఇచ్చినా రోజువారీ నడిపే ఖర్చు తగ్గదు. పైగా కార్లే మారుతున్నాయి, వంద చిన్న చిప్‌ల బదులు నాలుగైదు పెద్ద చిప్‌లతో నడిపే డిజైన్లు వస్తున్నాయి, ఎన్‌ఎక్స్‌పీ 16కి దిగడం దానికి గుర్తు.

నా మటుకు నాకు మొదటి వాదనే బరువుగా అనిపిస్తుంది, కానీ సరఫరా భద్రత అనే కారణం మీదే, లాభాల కారణం మీద కాదు. రెండో వాదనలో ధరల మాటకి ఇంకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. దానికి జవాబు ధొలేరా నుంచి మొదటి చిప్ బయటికొచ్చిన రోజు రాదు. వేఫర్‌కి ఎన్ని మంచి చిప్‌లు వస్తున్నాయన్నది నిలకడగా తేలాలి, ఆ తర్వాత కారు కంపెనీల పరీక్షలు పాసవ్వాలి, వాటికే రెండు మూడేళ్లు పట్టడం ఈ పరిశ్రమలో మామూలు. అప్పుడు సబ్సిడీ లెక్క పక్కన పెట్టి, కేవలం ధర చూసి ఒక కారు కంపెనీ ఎన్నేళ్లకి ఆర్డర్ రాస్తుందన్నదే చూడాల్సింది.